దోషం, ధర్మం, నియమం: సైన్సు పాఠంలో నీతి మాటలు

ప్రశ్న

విజ్ఞానశాస్త్ర విద్యలో నీతిబోధకు చోటుండాలా అనే అంశంపై ఒక వ్యాసం రాస్తున్నాను. కొలతలో వచ్చే తేడాను మన పాఠ్యపుస్తకాలు దోషం అంటాయి. పదార్థ లక్షణాన్ని ధర్మం అంటాయి. ఓమ్, బాయిల్ చెప్పినవాటిని నియమాలంటాయి. అదే వ్యాసంలో నడవడి గురించి చెప్పడానికీ నాకు ఈ మాటలే కావలసివస్తున్నాయి. "విద్యార్థి తన దోషాన్ని దాచకూడదు" అని రాస్తే, అది కొలతకు సంబంధించిన మాటో ప్రవర్తనకు సంబంధించిన మాటో పాఠకుడికి తేలడం లేదు. శాస్త్రార్థంలో వేరే పదాలు వాడటం మేలా? పెద్దలు సలహా ఇవ్వగలరని ఆశిస్తున్నాను.

జవాబు

మీరు చిక్కు అంటున్నదే మీ వ్యాసానికి ముడిసరుకు కావచ్చునని నాకు తోస్తోంది. అయితే మూడు మాటలూ ఒకే తీరున లేవు కనుక విడివిడిగా చూడాలి.

ముందుగా శాస్త్రం అనే మాట సంగతి. ఇది ఆజ్ఞాపించడం, బోధించడం అనే అర్థాలున్న "శాస్" ధాతువు నుంచి వచ్చింది. శాసనం, శిష్యుడు అనేవి దీని తోబుట్టువులు. విజ్ఞానమేమో తెలుసుకోవడం అనే అర్థమున్న "జ్ఞా" నుంచి పుట్టింది. ఈ పుట్టుకను చూపి, విజ్ఞానశాస్త్రమన్న పేరులోనే ఆదేశం ఉంది కాబట్టి నీతి కూడా అందులో భాగమేనని వాదించేవారు కనిపిస్తారు. ఆ వాదన నాకు రుచించదు. ధాతువు మాట పుట్టినచోటు చెబుతుంది గాని, ఇవాళ అది చేస్తున్న పనిని చెప్పదు.

ధర్మం విషయం ఇంతకంటె ఆసక్తికరం. నిలిపి ఉంచడం అనే అర్థమున్న "ధృ" నుంచి వచ్చిన ఈ మాటను తర్కశాస్త్రం ఏనాటినుంచో వస్తువును అంటిపెట్టుకున్న లక్షణమనే అర్థంలో వాడుతోంది. లక్షణం ధర్మమైతే, లక్షణం కలిగినది ధర్మి. కాబట్టి "ఆమ్లాల ధర్మాలు" అనడంలో పాఠ్యపుస్తకాలవారు కొత్తగా చేసిన సాహసమేమీ లేదు. మన వ్యాకరణంలోనూ ఈ మాట ఉంది. "నిప్పు కాల్చును", "నీరు పల్లమునకు పారును" వంటి వాక్యాల్లో, నిన్న నేడు రేపు అనే పట్టింపు లేకుండా స్వభావాన్ని చెప్పే క్రియారూపాన్ని తద్ధర్మార్థకం అంటారు. పాత సైన్సు పుస్తకాల్లోని సూత్రవాక్యాలు చాలావరకు ఈ రూపంలోనే నడుస్తాయి. నీతివాక్యం దారి వేరు. అది "వలెను", "రాదు", "ఆలి", "కూడదు" అని ముగుస్తుంది.

స్కాట్లాండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లో ఎత్తిచూపినదీ, ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పాయింకరే 20వ శతాబ్దం మొదట్లో వ్యాకరణ పరిభాషలోనే చెప్పినదీ ఈ తేడానే: "ఉంది" అని ముగిసే వాక్యాలను ఎన్ని పేర్చినా వాటినుంచి "ఉండాలి" అనే వాక్యం పుట్టదు. నిప్పు కాలుస్తుందన్న జ్ఞానం ఒక్కటే "పసివాణ్ణి నిప్పుకు దూరంగా ఉంచాలి" అన్న నిర్ణయానికి చాలదు. పసివాడికి హాని జరగకూడదన్న మరో వాక్యం బయటినుంచి రావాలి. "ఆమ్లాన్ని కొద్దికొద్దిగా నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు" అని ప్రయోగశాలలో చెబుతారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కాని అక్కడ కూడా వేడి పుట్టి ఆమ్లం చిందుతుందన్నది రసాయనశాస్త్రం; ఒళ్లు కాలకూడదన్నది మన కోరిక. నియమం అన్న మాటనూ ఇలాగే విడదీయవచ్చు. ఓమ్ నియమాన్ని పాటించని వాహకాన్ని ఎవరూ దండించరు కాబట్టి ఆ మాట దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

ఇక దోషం. ఇక్కడ మాత్రం రెండు అర్థాలూ ఒకదాన్నొకటి తాకుతాయి. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలవడానికి అమెరికా భౌతికశాస్త్రవేత్త మిల్లికాన్ చేసిన నూనెచుక్కల ప్రయోగాన్నే తీసుకోండి. 1913లో అతడు ఎలక్ట్రాన్ ఆవేశానికి ప్రకటించిన విలువలో అంకెలు 4.774; అవే ప్రమాణాల్లో నేటి విలువ 4.803. తేడా ఒక శాతానికి లోపే. గాలి స్నిగ్ధతకు, అంటే చుక్క కదలికను గాలి అడ్డుకునే గుణానికి, అతడు వాడిన విలువ కొంచెం తప్పడం దీనికి కారణం. ఇది దోషమే గాని, ఇందుకు ఎవరూ తలవంచుకోనక్కరలేదు. అదే పత్రంలో 58 చుక్కల లెక్కలిచ్చి, ఇవి ఏరుకున్నవి కావని, వరుసగా 60 రోజులపాటు పరిశీలించిన చుక్కలన్నీ ఇవేనని రాశాడు. అతని నోటుపుస్తకాల్లో అంతకంటె ఎక్కువ చుక్కలున్నాయి. వదిలేసినవాటిలో చాలావాటికి సరైన కారణాలున్నాయని, వాటిని కలిపినా ఫలితం పెద్దగా మారదని కొందరు చరిత్రకారులు అతణ్ణి సమర్థించారు. ఫలితం మారకపోవచ్చు, "అన్నీ ఇవే" అన్న వాక్యం మాత్రం నిజం కాలేదు. ఒకే పత్రంలో ఒక దోషం కొలతది, మరొకటి మాటది. మొదటిదాన్ని శాతాల్లో లెక్కగట్టడం ప్రతి విద్యార్థికీ నేర్పుతాం. రెండోదాన్ని, అనుకున్న విలువ రాకపోతే రికార్డులో అంకె దిద్దడం ద్వారా, పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారు. సైన్సు విద్యలో నీతి ఉండాలా అని అడిగితే, అది ఈ అంకె దగ్గర ఉండాలనే అంటాను. దానికి వేరే పీరియడు అవసరం లేదు.

అభ్యంతరం

పై జవాబులో పదచర్చ బాగుంది గాని, నీతి మరీ ఇరుకైపోయింది. ఫ్రిట్జ్ హేబర్ అంకెలు దిద్దినవాడు కాదు. అమోనియా సంశ్లేషణకు 1918 నోబెల్ బహుమతి పొందిన ఆ మహా రసాయనవేత్తే, మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మనీ తరఫున శత్రుసైనికుల మీదికి క్లోరిన్ వాయువును వదిలే పనిని దగ్గరుండి నడిపించాడు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, రికార్డులు సరిగ్గా ఉన్నాయి. మీ లెక్క ప్రకారం ఇక్కడ దోషమెక్కడిది?

తిరుగు జవాబు

అభ్యంతరం న్యాయమైనది, నా మాటను కొంత సవరించుకుంటున్నాను. అయితే మీ ఉదాహరణే నన్ను మళ్లీ ధర్మం అన్న మాట దగ్గరికి తీసుకెళ్తోంది. క్లోరిన్ పాఠంలో భౌతిక ధర్మాల కింద "గాలికంటె బరువైనది" అని ఉంటుంది. సుమారు రెండున్నర రెట్లు బరువు. ఆ వాయువు పైకి పోకుండా నేలబారుగా పాకి, సైనికులు తలదాచుకున్న కందకాల్లోకి దిగడానికి కారణం ఆ ధర్మమే. పిల్లలు మార్కులకోసం కంఠస్థం చేసే ఆ ఒక్క పంక్తిని ఆయుధంగా ఎంచుకున్నది మనిషి. పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతిని ఆ పంక్తి పక్కనే చెప్పవచ్చు. "కాబట్టి మీరు మంచివారుగా ఉండండి" అని దాని వెనుక తగిలించడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఆ వాక్యం రాగానే వినడం మానేసే పిల్లలు, హేబర్ ఎందుకు ఒప్పుకున్నాడని అడిగితే గంటసేపు వాదించుకుంటారు. అందుకే మీ వ్యాసంలో నీతిబోధ అన్నచోట నీతిచర్చ అంటే నేను నిరభ్యంతరంగా చేతులు కలుపుతాను.

మొదట ప్రశ్న అడిగినవారికి ఒక మాట. ధర్మం అయోమయం కలిగించినచోట గుణం, లక్షణం అనవచ్చు, నష్టం లేదు. కొలతల దోషాన్ని దోషంగానే ఉంచండి, ప్రవర్తన గురించి చెప్పేచోట తప్పు అనో మోసం అనో రాయండి. అప్పుడు మీ వాక్యం "కొలతలోని దోషాన్ని దాచడం మోసం" అవుతుంది.