అప్‌డేట్: ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ 464 బయటి డిస్క్ డ్రైవ్ పనిచేస్తోంది!

1980ల నాటి నా ఇంటి కంప్యూటర్ ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ 464కు తగిలించిన డ్రైవ్‌లో డిస్క్ ఉన్నా 'డ్రైవ్ ఎ: డిస్క్ మిస్సింగ్' (డిస్క్ లేదు) అని వస్తోందని అడిగాను కదా, సమస్య తీరింది. బెల్ట్ చూడమన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్, మీరు చెప్పిందే నిజం.

ఈ 3 అంగుళాల డ్రైవ్‌లో మోటారు రబ్బరు బెల్ట్‌తో డిస్క్‌ను తిప్పుతుంది. 1980ల నాటి ఆ రబ్బరు కరిగి నల్లటి తారులా పుల్లీకి అతుక్కుపోయింది. మోటారు శబ్దం వస్తున్నా డిస్క్ తిరగడం లేదు. తిరగకపోతే డ్రైవ్ నుంచి 'రెడీ' సిగ్నల్ అందదు, అందుకే కంప్యూటర్ డిస్క్ లేదనుకుంటుంది. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది ఇయర్‌బడ్స్‌తో ఓపిగ్గా తుడవాలి. పుల్లీ గాడిలో కొంచెం మిగిలినా కొత్త బెల్ట్ జారిపోతుంది. అసలు పనంతా అక్కడే.

పనిలో పనిగా డిస్క్‌ను చదివే రీడ్ హెడ్‌నూ, కంప్యూటర్ వెనక ఇంటర్‌ఫేస్ (డ్రైవ్‌ను కంప్యూటర్‌కు కలిపే భాగం) తగిలించే అంచు మీది రాగి గీతల్నీ తుడిచాను. కొత్త బెల్ట్ వేసి 'క్యాట్' (డిస్క్‌లోని ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టగానే ఫైళ్ల పేర్లు వరసగా వచ్చేశాయి! ఎంత ఆనందమో చెప్పలేను. క్యాసెట్ టేపు నుంచి లోడ్ చేయడంతో పోలిస్తే ఈ వేగం అద్భుతం.

ఒక్క జాగ్రత్త: పవర్ ఆపకుండా ఇంటర్‌ఫేస్ పెట్టడం, తీయడం అస్సలు చేయొద్దు. కొన్ని పాత డిస్కుల్లో రీడ్ ఎర్రర్లు ఇంకా వస్తున్నాయి, వాటి సంగతి ఇప్పుడు చూస్తున్నాను.