వర్చువల్ ఎక్స్ఛేంజ్‌ను మార్కులున్న తప్పనిసరి భాగం చేయాలా, వద్దా?

సిలబస్‌సారథి

వేరే దేశపు విశ్వవిద్యాలయంలోని తరగతితో మన తరగతిని కలిపి, 5 నుంచి 8 వారాల పాటు ఆన్‌లైన్‌లో ఉమ్మడి పని చేయించే పద్ధతి గురించే ఈ చర్చ. కాయిల్ (కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్) అన్నా వర్చువల్ ఎక్స్ఛేంజ్ అన్నా ఇక్కడ ఒకటే అనుకుందాం. దీన్ని కోర్సులో అందరికీ తప్పనిసరి చేసి మార్కులు వేయాలా? ఇష్టమున్నవాళ్లకు వదిలేయాలా?

తప్పనిసరి చేయాలన్నది నా పక్షం. చదువు కోసం విమానమెక్కేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. ఐరోపా విద్యామంత్రులు 2009లో లూవెన్‌లో కూర్చుని పెట్టుకున్న లక్ష్యం, 2020 నాటికి పట్టభద్రుల్లో 20 శాతం మంది విదేశంలో కొంతకాలం చదివి ఉండాలని. 2030కి ఐరోపా సమాఖ్య 2024లో పెట్టుకున్నది 23 శాతం. డబ్బూ నిబంధనలూ అన్నీ అమరిన చోట, అనుకున్నది అనుకున్నట్టు జరిగినా, ముప్పాతిక మందికి పైగా కదలకుండానే డిగ్రీ పూర్తి చేస్తారు. వాళ్ల కోసం కదా ఈ పద్ధతి? ఐచ్ఛికం చేస్తే చేరేది ఎవరు? ఇప్పటికే భాష ధాటిగా మాట్లాడేవాళ్లు, కొత్తవాళ్లతో జంకు లేనివాళ్లు. అంటే దీని అవసరం అందరికన్నా తక్కువ ఉన్నవాళ్లు.

అడ్డుప్రశ్న

సారథి గారూ, అందరికీ అందాలన్నది ఒప్పుకుంటాను. కలిపితే చాలు, మంచే జరుగుతుందన్న నమ్మకం దగ్గరే నా పేచీ. వేర్వేరు సమూహాలు కలిసినప్పుడు దురభిప్రాయాలు తగ్గాలంటే నాలుగు షరతులు కావాలని మనస్తత్వవేత్త ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ కాక సహకారం, పై సంస్థల మద్దతు. తప్పనిసరి ఎక్స్ఛేంజ్‌లో మొదటిదే కుంటుతుంది. ఒక తరగతికి అది 30 శాతం మార్కులు, అవతలి తరగతికి ‘పాల్గొన్నట్టు ధ్రువపత్రం’. మూడో వారంలో అటువైపు మిడ్‌టర్మ్ పరీక్షలు వస్తాయి, మెసేజ్‌లు ఆగిపోతాయి. ఇవతలివాళ్లకు వాళ్ల పరీక్షల సంగతి తెలియదు. ‘ఆ దేశంవాళ్లంతే, పని ఎగ్గొడతారు’ అని తేల్చేస్తారు. కోర్సు మొదట్లో లేని దురభిప్రాయం చివరికి తయారవుతుంది, అదీ ‘స్వయంగా చూశాం’ అన్న ధీమాతో. ఇష్టపడి చేరినవాళ్లు కనీసం ఎందుకని అడుగుతారు. బలవంతాన చేరినవాళ్లు అడగరు.

ఇంకో మాట. ఎక్స్ఛేంజ్ వల్ల విద్యార్థులు మారారని చూపించే ఫలితాల్లో చాలావరకు ఇష్టపడి చేరినవాళ్ల మీద తీసినవే. వాటిని చూపి అందరి మీదా రుద్దలేం.

గడియారం

మీ ఇద్దరి వాదనా బాగుంది కానీ, చాలా ఎక్స్ఛేంజ్‌లు సిద్ధాంతం దాకా రావు, క్యాలెండర్ దగ్గరే కూలిపోతాయి. లెక్క చూడండి.

అమెరికాలో శరదృతు సెమిస్టర్ ఆగస్టు చివర మొదలై డిసెంబరు తొలి రోజుల్లో పాఠాలు ముగిస్తుంది. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ పాఠాలు అక్టోబరు మధ్యలో మొదలవుతాయి. కాగితం మీద ఉమ్మడిగా దొరికేవి 7 వారాలు. జర్మనీవైపు మొదటి వారం చేరికలకే పోతుంది, జాబితా స్థిరపడదు. అమెరికావైపు నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, ఆ వారం పోయింది. మిగిలినవి 5. ‘8 వారాల కాయిల్’ అని సిలబస్‌లో రాసేసుకుని తర్వాత భాగస్వామిని వెతికితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఆ 5 వారాల్లోనే గడియారం మారుతుంది. ఐరోపాలో వేసవి సమయం అక్టోబరు చివరి ఆదివారం ముగుస్తుంది, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం. ఆ మధ్య వారంలో న్యూయార్క్–బెర్లిన్ తేడా 6 గంటలు కాదు, 5. వసంతంలో ఇంకా ఎక్కువ: అమెరికా మార్చి రెండో ఆదివారం మారుతుంది, ఐరోపా చివరి ఆదివారం. 2026లో అవి మార్చి 8, మార్చి 29. ఆ మూడు వారాలూ న్యూయార్క్‌లో ఉదయం 10 అంటే బెర్లిన్‌లో మధ్యాహ్నం 3, మామూలుగా అయితే 4. జపాన్, భారత్ లాంటి చోట్ల గడియారం మారదు కాబట్టి అవతలివాళ్లు మారినప్పుడల్లా వీళ్ల తరగతి గంట అటో ఇటో జరుగుతుంది. ఆహ్వానాలు యూటీసీలో (ఎక్కడా మారని ప్రపంచ ప్రామాణిక సమయంలో) పంపి పక్కన రెండు స్థానిక సమయాలూ రాయాలి. ఎవరి గంట మారుతుందో వాళ్ల తరగతిలో ముందు వారమే చెప్పాలి.

జపాన్‌తో వసంతంలో పెట్టుకోవడం దాదాపు దండగ. అక్కడ విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, అమెరికా సెమిస్టర్ మే మొదట్లో అయిపోతుంది, ఆ మధ్యలో ఏప్రిల్ చివర జపాన్‌లో గోల్డెన్ వీక్ సెలవులు. శరదృతువే నయం, అక్కడి రెండో సెమిస్టర్ జనవరి దాకా నడుస్తుంది.

తప్పనిసరి చేస్తే ఇవన్నీ రెట్టింపు బరువవుతాయి. ఐచ్ఛికంలో 12 మందిని రాత్రి 9కి కూర్చోబెట్టవచ్చు, 60 మందిని కూర్చోబెట్టలేం.

రెండోవైపు

గడియారం గారు చెప్పినవి సరిదిద్దుకోదగ్గవి. వారాలు సరిపోయినా సరికానిది పని స్వభావం. అడ్డుప్రశ్న గారి ‘సమాన హోదా’ అక్కడే తేలుతుంది.

ఎక్కువగా కనిపించే నమూనా ఇది: ఒక వైపు తరగతి ‘సలహాదారులు’, రెండో వైపు తరగతి ‘సమస్య ఉన్న ప్రాంతం’. ఒకరు ప్రశ్నలు అడుగుతారు, ఇంకొకరు సమాచారం మోస్తారు. చివరి నివేదిక అడిగినవాళ్ల శైలిలో, వాళ్ల భాషలో తయారవుతుంది. వాళ్లకు మార్కులు వస్తాయి, రెండోవాళ్లకు ధన్యవాదాలు.

దీనికి మందు, ఎవరి దగ్గరా పూర్తి సమాచారం లేకుండా పని కట్టడం. సివిల్ ఇంజినీరింగ్ తరగతులనుకోండి. ప్రతి వైపూ తమ నగరంలో నీటి బిల్లు శ్లాబులు, ఒక్కో శ్లాబుకు ధర, మీటర్లు లేని ఇళ్లకు ఏం చేస్తారు అన్నవి తెస్తారు. ఒకే కుటుంబం నెలకు 20 ఘనపు మీటర్లు వాడితే రెండు చోట్లా బిల్లు ఎంతో, ఎందుకు తేడా వచ్చిందో కలిసి 4 పేజీల్లో రాస్తారు. అటువైపు లెక్క రాకపోతే ఇటువైపు ఒక్క పేరా ముందుకు వెళ్లదు. ‘మీ సంస్కృతి గురించి చెప్పండి, మా సంస్కృతి గురించి చెబుతాం’ అన్న పనిలో ఈ పట్టు ఉండదు. పండుగలు, వంటలు అయిపోయాక రెండో వారానికే మాటలు అయిపోతాయి.

పనుల వరుసలో మూడు మెట్లు ఒడౌడ్, వేర్ అనే పరిశోధకులు 2009లో చెప్పినవే ఇప్పటికీ పనికొస్తాయి: సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, పోల్చి విశ్లేషించడం, కలిసి ఒకటి తయారు చేయడం. 5 వారాలే ఉంటే ఒకటో మెట్టుకు ఒక్క వారం, రెండుకు రెండు, మూడుకు రెండు. తొందరలో రెండోదాన్ని ఎగరగొడతారు, మూడోది రెండు ముక్కలు అతికించిన స్లైడ్లుగా మిగులుతుంది.

సిలబస్‌సారథి

అడ్డుప్రశ్న గారూ, ‘ఒకవైపు 30 శాతం, ఒకవైపు ధ్రువపత్రం’ అన్నది నిజంగా విషమే. అది తప్పనిసరి వల్ల వచ్చింది కాదు, *ఒక్కవైపే* తప్పనిసరి చేయడం వల్ల వచ్చింది. రెండు వైపులా ఒకే శాతం ఉండాలి. అది కుదరకపోతే ఎక్స్ఛేంజ్ మొదలుపెట్టకూడదు, నేనూ అంతే అంటాను.

మార్కుల కట్టు ఇలా ఉండొచ్చు. మొత్తం కోర్సులో 20 నుంచి 25 శాతం. అంతకన్నా తక్కువైతే పరీక్షల వారంలో వదిలేస్తారు, ఎక్కువైతే అవతలివాళ్ల నిర్లక్ష్యానికి ఇవతలివాళ్లు ఫెయిలయ్యే పరిస్థితి వస్తుంది. అందులో సగానికి పైగా ఎవరికి వారు ఇచ్చే పని మీద, అంటే తాను తెచ్చిన సమాచారం, తాను రాసిన విశ్లేషణ మీద. మిగతాది ఉమ్మడి పని మీద. రూబ్రిక్ (దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక) ఇద్దరు అధ్యాపకులు కలిసి రాస్తారు, కానీ ఎవరి విద్యార్థులకు వాళ్లే మార్కులు వేస్తారు, ఎందుకంటే గ్రేడు మీద అప్పీలు వస్తే జవాబు చెప్పాల్సింది సొంత సంస్థే. భాషకు మార్కులుండవు. వ్యాకరణానికి మార్కులు పెట్టిన రోజున ఆ భాష మాతృభాష అయినవాళ్లు ‘నేను సరిచేస్తాలే’ అంటూ పత్రం మొత్తం లాక్కుంటారు.

జట్లు 3+3, అంటే ఒక్కో వైపు నుంచి ముగ్గురేసి. తరగతులు సమానంగా లేకపోతే, ఉదాహరణకు 40 మంది, 16 మంది ఉంటే, 8 జట్లు చేసి 5+2 పెట్టాలి. ఏ జట్టులోనూ ఒక్కరే మిగలకూడదు. ఒక్కరే ఉంటే ఆ మనిషి ఆ దేశం మొత్తానికీ ప్రతినిధి అయి కూర్చుంటాడు.

మూడోబెంచి

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనంటాను: ప్రత్యక్ష వీడియో సమావేశాన్నే ‘అసలు ఎక్స్ఛేంజ్’ అనుకోవడం ఆపండి. 1 ఎంబీపీఎస్ వీడియో గంటకు 450 ఎంబీ తింటుంది. 80 కేబీపీఎస్ ఆడియో 36 ఎంబీ. ఫోన్ డేటా మీద బతికేవాడికి ఈ తేడా చిన్నది కాదు. కెమెరా తప్పనిసరి అనే నియమం ఎవరిని బయట పెడుతుందో ఆలోచించండి. ఒకే గదిలో నలుగురితో ఉండేవాడిని, సాయంత్రం ఉద్యోగానికి వెళ్లేదాన్ని, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లను. మొత్తం ఎక్స్ఛేంజ్‌లో రెండు ప్రత్యక్ష సమావేశాలు చాలు: మొదట్లో పరిచయానికి, మూడో మెట్టు మొదలయ్యేటప్పుడు పని పంచుకోవడానికి. మిగతాదంతా 48 గంటల్లో జవాబివ్వాలన్న నియమంతో రాతలో, రెండు నిమిషాల వాయిస్ రికార్డుల్లో నడుస్తుంది.

వేదిక సంగతీ ముందే చూసుకోండి. గూగుల్ డాక్స్, వాట్సాప్ చైనాలో తెరుచుకోవు. ఒక విశ్వవిద్యాలయపు మూడ్ల్‌లోకి (ఆన్‌లైన్ కోర్సుల వేదికలోకి) అవతలివాళ్లకు అతిథి ఖాతాలు రావడానికి రెండు మూడు వారాలు పట్టడం మామూలే. అంటే 5 వారాల ఎక్స్ఛేంజ్‌లో సగం.

క్రెడిట్ల లెక్క

తప్పనిసరా కాదా అన్నదానికి మూడో దారి ఉందని కొందరంటారు: కొంత ఆన్‌లైన్, కొంత ప్రయాణం. ఐరోపా సమాఖ్య విద్యా పథకం ఎరాస్మస్ ప్లస్‌లో 2021 నుంచి ఉన్న బ్లెండెడ్ ఇంటెన్సివ్ ప్రోగ్రామ్ అదే. కనీసం 3 దేశాల 3 సంస్థలు, 5 నుంచి 30 రోజుల ప్రత్యక్ష భాగం, తప్పనిసరిగా ఆన్‌లైన్ భాగం, కనీసం 3 ఈసీటీఎస్ (ఐరోపా ఉమ్మడి పద్ధతి) క్రెడిట్లు. నిధులు పొంది ప్రయాణించేవాళ్ల కనీస సంఖ్య మొదట 15, తర్వాత 10కి తగ్గించారు.

ఒక క్రెడిట్ 25 నుంచి 30 గంటల పని, మూడు క్రెడిట్లు 75 నుంచి 90. ప్రయాణం 5 రోజులే అయితే, రోజుకు 8 గంటలు కూర్చోబెట్టినా 40. మిగతా 35 నుంచి 50 గంటలు ఆన్‌లైన్‌లో, సొంత పనిలో రావాలి. చాలాచోట్ల ఆ గంటలు రెండు వెబినార్లు, ఒక వాట్సాప్ గుంపుగా ముగుస్తాయి. ఆన్‌లైన్ భాగం ప్రయాణానికి ముందుండొచ్చు, మధ్యలో ఉండొచ్చు, తర్వాత ఉండొచ్చు. తర్వాత పెడితే దాదాపు ఖాయంగా పడిపోతుంది, కలవాల్సినవాళ్లు కలిసేశారు కాబట్టి. ముందు పెట్టి, సమాచార సేకరణ అంతా అక్కడే పూర్తి చేయించి, చేతిలో సగం నివేదికతో విమానమెక్కించాలి. అప్పుడు ఆ 5 రోజులూ మూడో మెట్టుకే దొరుకుతాయి.

నిర్వహణ సాయం ఒక్కొక్కరికి 400 యూరోలు, 20 మంది వరకే, అంటే 8,000 యూరోలు మించదు. 60 మంది తరగతికి ఇది జవాబు కాదు. కాబట్టి సారథి గారి ప్రశ్న అలాగే ఉంది.

అడ్డుప్రశ్న

రెండు వైపులా సమాన శాతం, భాషకు మార్కులు లేకపోవడం, ఒకరి ముక్క లేకుండా ఇంకొకరి పని సాగకపోవడం: ఈ మూడూ ఉంటే *పని* తప్పనిసరి చేయడానికి నా అభ్యంతరం సగం పోయింది. మిగిలిన సగం రెండు చోట్ల ఉంది.

ఒకటి, ‘ఆత్మపరిశీలన డైరీ’కి మార్కులు. విద్యార్థికి అధ్యాపకుడు ఏం వినాలనుకుంటున్నాడో తెలుసు. ‘మొదట భయపడ్డాను, తర్వాత నా దృక్పథం విశాలమైంది’ అని అరవై మంది ఒకే డైరీ రాస్తారు. మార్పుకు మార్కులు వేస్తే మార్పు నటన వస్తుంది. దానికి బదులు ‘మీ జట్టులో అపార్థం వచ్చిన ఒక మెసేజ్ తీసుకుని, దాన్ని రెండు రకాలుగా ఎలా చదవొచ్చో రాయండి’ అనండి. అది నటించడం కష్టం, దిద్దడం తేలిక.

రెండు, రికార్డింగ్. రాజకీయం, మతం, యుద్ధం మీద మాట్లాడించే ఎక్స్ఛేంజ్‌లున్నాయి. శిక్షణ పొందిన ఫెసిలిటేటర్లతో (చర్చ నడిపేవాళ్లతో) చిన్న గుంపులను వారం వారం మాట్లాడించే సోలియా లాంటి సంస్థలు 2003 నుంచీ నడుస్తున్నాయి, అది వేరే నైపుణ్యం. మామూలు కోర్సులో, ఫెసిలిటేటర్ లేకుండా, మార్కుల కోసం, రికార్డు నడుస్తుండగా అదే సంభాషణ చేయించడం ప్రమాదం. ఒకవైపు మాట అభిప్రాయం, అదే మాట అవతలివైపు కేసు కావచ్చు. ఐరోపా విద్యార్థులుంటే జీడీపీఆర్ (అక్కడి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) లెక్కలు వేరే. రికార్డింగ్ ఆపి ఉంచడమే నియమం కావాలి. అలాంటి అంశాల నుంచి కారణం చెప్పకుండా తప్పుకుని, అదే విలువున్న వేరే పని చేసే హక్కు ఉండాలి.

సిలబస్‌సారథి

డైరీ విషయంలో మీదే సరైన మాట. తప్పుకునే హక్కుకూ సరే, ఒక షరతు మీద: ప్రత్యామ్నాయం కూడా రెండు దేశాల సమాచారంతోనే ఉండాలి, గంటలు సమానంగా ఉండాలి. లేకపోతే తేలికైన దారిలో అందరూ తప్పుకుంటారు, మళ్లీ ఐచ్ఛికమే అయి కూర్చుంటుంది.

రెండోవైపు

హక్కు రెండు వైపులా ఉందో లేదో కూడా చూడండి. ఒక సంస్థలో తప్పుకోవచ్చు, ఇంకో సంస్థలో తప్పుకుంటే హాజరు పోతుంది అన్నచోట మళ్లీ మొదటికే వచ్చాం.

గడియారం

ఇవన్నీ ఒక పేజీ మీద రాసుకోండి, సంతకాల ఒప్పందం అక్కర్లేదు. ఇద్దరు అధ్యాపకుల మధ్య, సెమిస్టర్‌కు కనీసం 3 నెలల ముందు. తేదీలు, రెండు వైపులా పరీక్షల వారాలు, మార్కుల శాతం, వేదిక, తప్పుకునే దారి. ఆఖరి గడి మాత్రం ఖాళీ వదలకండి: జట్టులో ఒకవైపు వాళ్లంతా 5 రోజులు మాట్లాడకపోతే ఎవరు ఎవరికి చెప్పాలి, ఎన్నో రోజున ఆ జట్టును పక్క జట్టులో కలపాలి. నా లెక్కలో ఆరో రోజు అధ్యాపకుడికి కబురు, ఎనిమిదో రోజు కలిపివేత. 5 వారాల పనిలో అంతకన్నా ఆగితే కలిపినా చేయడానికి ఏమీ మిగలదు.

మూడోబెంచి

ఆ పేజీ విద్యార్థులకు కూడా ఇవ్వండి. పరీక్షల వారాలు రెండు వైపులా కనబడితే అడ్డుప్రశ్న గారి మూడో వారం నిశ్శబ్దం ఎందుకో అందరికీ ముందే తెలుస్తుంది.