43 అంగుళాల టీవీని కంప్యూటరుకు పెట్టుకోవచ్చా? వాడినవాళ్లు చెప్పండి

నెల్లూరు_ఇంటినుంచి:
అందరికీ నమస్తే. నాది బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, పని మాత్రం నెల్లూరులో మా ఇంటి నుంచే. రెండు 24 అంగుళాల మానిటర్లు ఉండేవి, పోయిన వారం ఒకటి పాడైంది. మళ్లీ మానిటరే కొనేబదులు 43 అంగుళాల 4కె టీవీ తెచ్చి బల్ల మీద పెట్టుకుంటే రెండింటి పనీ అదే చేస్తుంది కదా అనిపిస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కూడా. రోజంతా కోడ్, మధ్యలో ఎక్సెల్, మీటింగులు, అంతే నా పని. మా బావేమో కళ్లు పాడు చేసుకుంటావు, వద్దు అంటున్నాడు. కొనాలా వద్దా?

కావలి_ప్లాన్లు:
కొనండి అన్నా, ఆలోచించొద్దు. నేను ఇళ్ల ప్లాన్లు గీస్తాను, మూడేళ్లుగా 43 అంగుళాల 4కె టీవీ మీదే. 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లు నాలుగు తెచ్చి, మధ్యలో అంచుల్లేకుండా అతికిస్తే ఏం వస్తుందో సరిగ్గా అదే ఇది. మొత్తం ఫ్లోరు ప్లాన్ ఒకేసారి కనపడుతుంది, పక్కన మెట్ల సెక్షన్ తెరిచి పెట్టుకుంటాను. ముందు చిన్న మానిటర్ మీద గీసేటప్పుడు జూమ్ చేసి తీసి, చేసి తీసి, చెయ్యి నొప్పి పుట్టేది.

ఆత్మకూరు_అకౌంట్లు:
నేను వద్దంటాను. 50 అంగుళాలది తెచ్చి ఎనిమిది నెలలు వాడి, హాల్లో గోడకు బిగించేసి మళ్లీ మానిటర్‌కి వచ్చాను. కళ్లకేమీ కాలేదు, మెడ పట్టేసింది. అకౌంట్లు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో మెనూ ఒక మూల, నేను చూసే అంకె ఇంకో మూల. రోజుకు ఎన్ని వందలసార్లు తల తిప్పానో. పైఅంచు చూడాలంటే గడ్డం ఎత్తాలి, కాబట్టి స్క్రీన్ పైసగం వాడడమే మానేశాను. వాడని స్క్రీనుకి డబ్బు పెట్టడం ఎందుకు?

ఒంగోలు_డీటీపీ:
ఇద్దరు చెప్పిందీ నిజమే, కానీ ఇద్దరూ టీవీ అంటే ఒకటే వస్తువు అన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు పద్దెనిమిదేళ్లుగా డీటీపీ షాపు ఉంది, పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు. టీవీ వల్ల నేను నష్టపోయాను, ఇప్పుడు టీవీ మీదే పని చేస్తున్నాను. అందుకని వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొదట్లో మానిటర్ పోతే ఇంట్లో ఉన్న 32 అంగుళాల టీవీ తెచ్చి పెట్టాను. పెద్దది కదా బాగుంటుంది అనుకున్నా. దాని రెజల్యూషన్ 1366 బై 768, అంటే బొమ్మని కట్టే చుక్కలు (పిక్సెళ్లు) అడ్డంగా 1366, నిలువుగా 768. లెక్క వేస్తే అంగుళానికి 49 పిక్సెళ్లు. మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92 ఉంటాయి, అంటే సగం పైచిలుకే. ఇంగ్లీషు అక్షరమైతే ఎలాగో లాగించవచ్చు. తెలుగుకి ఆ లెక్క కుదరదు. ద కింద చిన్న గీత ఉంటే ధ, థ పొట్టలో చుక్క, ఆ పైన ఒత్తులు. పది పిక్సెళ్ల ఎత్తులో ఒత్తు పడిందంటే అది ఒత్తో, స్క్రీను మీద దుమ్మో తెలియదు. ఆ టీవీ మీదే ఒక పెళ్లి కార్డు ప్రూఫ్ చూసి ఓకే చేశాను. ప్రెస్ నుంచి 500 కార్డులు వచ్చాక పెళ్లికూతురి తండ్రి కళ్లజోడు సర్దుకుని చదివి, ఏమీ అనకుండా కార్డు నా వైపు తిప్పాడు. ‘వధువు’ బదులు ‘వదువు’. మొత్తం నా డబ్బుతో మళ్లీ వేయించాను. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది, పెళ్లికి పదకొండు రోజులే ఉంది అప్పటికి.

కావలి_ప్లాన్లు:
అది టీవీ తప్పు కాదు కదా అన్నా. హెచ్‌డీ టీవీ పెట్టి 4కె మీద నింద వేస్తే ఎట్టా? 43 అంగుళాల 4కెలో అంగుళానికి 102 పిక్సెళ్లు, మీ 24 మానిటర్ కన్నా ఎక్కువే.

ఒంగోలు_డీటీపీ:
నింద వేయడం లేదు తమ్ముడూ, నేనూ అదే చెప్పబోతున్నా. డబ్బా మీద ఉన్న అంగుళాలు చూసి కొనొద్దు, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చూసి కొనండి. అదే 43 అంగుళాలు ఫుల్ హెచ్‌డీ అయితే 51కి పడిపోతుంది, అది ఫ్రీగా ఇచ్చినా పనికి వద్దు.

కానీ 4కె అయినంత మాత్రాన అయిపోలేదు. రెండో టీవీ 4కెనే తెచ్చాను. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అద్దంలా ఉంది. పసుపు మీద ఎరుపు అక్షరం పెట్టగానే అంచులు కుంకుమ తడిసినట్టు అలుక్కుపోయాయి. పెళ్లి కార్డంటేనే పసుపు మీద ఎరుపు. రెండు రోజులు ఫాంటుదే దోషం అనుకుని ఫాంట్లు మార్చాను. తర్వాత అర్థమైంది, టీవీ సినిమా కోసం చేసిన వస్తువు. సినిమా సిగ్నల్‌లో వెలుగు ప్రతి పిక్సెల్‌కీ విడిగా వస్తుంది గానీ రంగు మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే వస్తుంది, దాన్నే 4:2:0 అంటారు. బొమ్మలో ఎవరికీ తెలియదు, సన్నటి రంగు అక్షరంలో బయటపడుతుంది. కంప్యూటరుకి 4:4:4 కావాలి, అంటే ఏ పిక్సెల్ రంగు దానిదే.

నెల్లూరు తమ్ముడూ, ఇది నీకు చాలా ముఖ్యం. కోడ్ రాసేవాళ్లు నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద రంగురంగుల అక్షరాలు పెట్టుకుంటారు కదా, అచ్చం నా పెళ్లి కార్డు కష్టమే నీకూ వస్తుంది. టీవీలో కంప్యూటరు కేబుల్ పెట్టిన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని ‘పీసీ’ అని మార్చు, చాలా టీవీలు అప్పుడే 4:4:4 చూపిస్తాయి. హెచ్‌డీఎంఐ సెట్టింగుల్లో ఆ పోర్టుకి పూర్తి సిగ్నల్ తీసుకునే ఆప్షన్ ఉంటుంది, దాని పేరు కంపెనీకో రకంగా ఉంటుంది, అది ఆన్ చెయ్యి. షార్ప్‌నెస్ బాగా తగ్గించు, లేకపోతే అక్షరం చుట్టూ తెల్ల గీత వస్తుంది. టాస్క్‌బార్ అంచు తెగిపోయి కనిపిస్తే అది ఓవర్‌స్కాన్, పిక్చర్ సైజులో తీసెయ్యొచ్చు.

నెల్లూరు_ఇంటినుంచి:
చాలా థ్యాంక్స్ అన్నా. ఇంకో డౌట్. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ పాతది. పక్కింట్లో 4కె టీవీకి పెట్టి చూశాను, మౌస్ బాణం ఆగి ఆగి లాగినట్టు కదులుతోంది. టీవీలో లోపమా?

కావలి_ప్లాన్లు:
కాదు, మీ ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉన్నట్టుంది. దాంట్లో 4కె బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి, ల్యాప్‌టాప్‌లోనూ టీవీలోనూ, కేబుల్ కూడా దానికి తగ్గదే. కంపెనీని కొత్త ల్యాప్‌టాప్ అడగండి. 30లో పని చేస్తే వారానికే విసుగొస్తుంది. ఇంకోటి, గేమ్ మోడ్ గానీ పీసీ మోడ్ గానీ పెట్టకపోతే 60లో కూడా మౌస్ ఒక క్షణం వెనకబడుతుంది.

సింగరాయకొండ_చెరువులు:
మాది రొయ్యల చెరువుల షెడ్డు. ఆరు కెమెరాలు, ఒక 43 టీవీ, మంచం మీద నుంచి చూస్తాం. అంత దూరానికి ఏ టీవీ అయినా చాలు. ఒక్క మాట, ఓఎల్ఈడీ టీవీ మాత్రం తీసుకోవద్దు, కదలని గీతలు, టాస్క్‌బార్ లాంటివి ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే వాటి గుర్తు స్క్రీను మీద అచ్చు పడి ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఆత్మకూరు_అకౌంట్లు:
పిక్సెళ్ల గొడవ అంతా సరే, నా మెడ సంగతి ఎవరూ మాట్లాడలేదు.

ఒంగోలు_డీటీపీ:
నిజం, అసలు చిక్కు అక్కడే. 43 అంగుళాల టీవీ వెడల్పు 37 అంగుళాల పైన, ఎత్తు 21. కాళ్లతో కలిపి బల్ల మీద పెడితే పైఅంచు రెండడుగులకు వస్తుంది. కూర్చున్న మనిషి కన్ను బల్ల నుంచి అడుగున్నర ఎత్తులో ఉంటుంది. పైఅంచు కంటి మట్టానికి గానీ కొంచెం కిందికి గానీ ఉండాలి, ఇక్కడ అరడుగు పైకి పోయింది. మీది 50, ఇంకా ఎక్కువ. నేను కాళ్లు తీసేసి గోడకు బిగించాను, కిందిఅంచు బల్ల మట్టం కన్నా కొంచెం దిగువకు ఉంది, బల్లని గోడ నుంచి అడుగు ముందుకు జరిపాను. కంటికి, స్క్రీనుకి మధ్య మూడడుగులు ఉన్నాయి. అంత జాగా లేనివాళ్లు 27 అంగుళాల మానిటరే కొనుక్కోవాలి, ఈ మాటలో నాకు అనుమానం లేదు.

నెల్లూరు_ఇంటినుంచి:
ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. నా బల్ల లోతు 22 అంగుళాలు. ముందుకు జరుపుదామంటే వెనకే బీరువా, దాని తలుపు తెరుచుకోదు. అంటే 43 నాకు కుదరదు. మా బావ వద్దన్నది మంచికే అయింది, కారణం మాత్రం కళ్లు కాదు. 27 అంగుళాల మానిటర్, 2560 బై 1440ది చూస్తాను.

కావలి_ప్లాన్లు:
బీరువాని పక్క గదిలోకి మార్చండి అన్నా.

నెల్లూరు_ఇంటినుంచి:
ఆ గదిలో అమ్మ ఉంటుంది. అడిగి చూస్తాను.