ఇంటి ఖర్చు పెంచింది ఇసుకా, కూలీనా, పిల్లర్లా?

పెన్నా ఒడ్డు (కడప):
ఖర్చు పెరిగిందంటే అందరూ మేస్త్రీల మీద పడతారు. నేనొప్పుకోను. 1000 చదరపుటడుగుల ఇంటికి సుమారు 80 టన్నుల ఇసుక కావాలి. 2019లో ఇసుక దొరక్క పనులు ఆగినప్పటి నుంచే లెక్క తప్పింది. 2024 జూలైలో ఉచితమన్నారు, లోడింగూ బాడుగా మాత్రం తప్పలేదు.

నల్లరేగడి (ఆదోని):
అన్నా, 2019 సెప్టెంబరులో ప్రభుత్వ ఇసుక స్టాక్ యార్డు ధర టన్నుకు 375 రూపాయలు. 80 టన్నులకు 30 వేలు. అది రెట్టింపైనా ఇంకో 30 వేలే కదా? బాడుగ కలిపినా లక్షల తేడా ఇసుకతో రాదు.
అసలు నష్టం వంక ఇసుకతో, అంటే చిన్న వాగుల్లో తీసే మట్టి కలిసిన ఇసుకతో. చవకని తెస్తారు. గాజుసీసాలో సగం ఇసుక పోసి, ఉప్పునీళ్లు నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదిలించకుండా పెట్టండి. పైన పేరుకునే మట్టి పొర నూటికి 8 పాళ్లు దాటితే ఆ ఇసుక వద్దు. పూత పట్టదని మేస్త్రి సిమెంటు పెంచుతాడు, దాంతో నెర్రెలు ఇంకా ఎక్కువ.

మట్టిమిద్దె (అనంతపురం):
ఇద్దరూ కూలిని తేలిగ్గా తీసేస్తున్నారు. పాత మట్టిమిద్దె పైన పరిచే చవుడు మట్టి ఇంటోళ్లే మోసేవాళ్లు, ఆ కూలి ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడు ప్రతి తట్టకూ డబ్బే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మా నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. కూలోళ్లకు ఇంకో దారి దొరికాక పాత రేటుకు ఎవరొస్తారు? పనితనమున్న మేస్త్రీలేమో బెంగళూరుకు, కువైట్‌కు పోతిరి.

నల్లరేగడి:
కూలి పెరిగింది, కాదనను. కానీ కడుతున్న ఇల్లే మారిపోయింది. గోడల మీద స్లాబు వేస్తే 1000 అడుగులకు, 5 అంగుళాల మందంతో, 95 బస్తాల సిమెంటు, టన్ను పైచిలుకు ఇనుప కమ్మి చాలు. పిల్లర్లు, బీములు పెడితే కమ్మి మూడున్నర టన్నులు. టన్ను 60 వేలనుకున్నా ఒకటిన్నర లక్ష అక్కడే పాయె, సెంట్రింగు వేరే. 'పైన రెండంతస్తులు వేస్తాం' అని కడతారు, వేసేది ఎందరు? పైకి వదిలిన కమ్ములు తుప్పుపట్టి పొరలుగా ఊడుతుంటాయి. కనీసం సిమెంటు పాలు పూసి, పలచని కాంక్రీటు కప్పి వదలాల.

పెన్నా ఒడ్డు:
సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది కదా, 2025 సెప్టెంబరు 22 నుంచి?

నల్లరేగడి:
350 రూపాయల బస్తా 323 అవుతుంది, అదీ కంపెనీ ఆ తగ్గింపు మనకిస్తే. ఇంటికి 400 బస్తాలనుకో, 11 వేలు మిగులు.

మట్టిమిద్దె:
మరి పిల్లర్లు వద్దంటావా?

నల్లరేగడి:
మీ ఎర్రనేలలో మూడడుగులకే గట్టి తగిలితే, ఒకటే అంతస్తయితే, వద్దు. రాతిగోడ చాలు. మా రేగడిలో ఆ మాట చెప్పను. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రె విచ్చి, వానకు ఉబ్బుతుంది. గట్టి తగిలేదాకా తవ్వి, రేగడి తీసేసి గరుసు నింపి దిమ్మిస కొట్టి, చుట్టూ ప్లింత్ బీము (పునాది మీద, గోడల కింద వేసే కమ్మి కాంక్రీటు దూలం) కట్టాల్సిందే. అక్కడ ఆ కమ్మి దండగ కాదు.