ఎండల్లో మీగడ ఎంత తిప్పినా వెన్న కట్టడం లేదు, ఏం చేయాలి?

కొత్తపేట_కోడలు:
అందరికీ నమస్కారం. మాకు పాడి లేదు, పక్క వీధిలో గేదె పాలు పోయించుకుంటాం. రోజూ కాచి చల్లారాక మీగడ తీసి డబ్బాలో వేసి ఫ్రీజర్లో పెడతాను, నిండాక బయట పెట్టి, కరిగాక మిక్సీలో తిప్పుతాను. సంక్రాంతి రోజుల్లో ఇట్టే ముద్ద కట్టేసేది. ఇప్పుడీ రోహిణి కార్తెలో ఎంతసేపు తిప్పినా పల్చగా, జిడ్డుగా మిక్సీ జారుకి అంటుకుపోతోంది తప్ప వెన్న విడిపోవట్లేదు. మా అత్తగారేమో పాలవాడు నీళ్లు కలుపుతున్నాడంటారు. నిజమేనంటారా? జారులో ఉన్నదంతా పారబోయాలేమోనని టెన్షన్‌గా ఉంది.

లంక_పాడి:
పారబోయకండమ్మా, ఆ జారు అలాగే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు పెట్టండి. పాలవాణ్ణి కూడా ప్రస్తుతానికి వదిలేయండి, నీళ్లు కలిపితే మీగడ తక్కువ కడుతుంది గాని కట్టిన మీగడలో వెన్న ఎక్కడికి పోతుంది? సంగతంతా వేడిలో ఉంది. మీగడలో కొవ్వు సన్నటి బొట్లుగా ఉంటుంది, ఒక్కోదాని చుట్టూ పల్చటి పొర. చిలికితే పొర చిట్లి బొట్లు ఒకదానికొకటి అతుక్కోవాలి, అందుకు కొవ్వు కాస్త గట్టిగా కాస్త మెత్తగా ఉండాలి. ఈ ఎండకి తోడు మిక్సీ వేడి కూడా కలిస్తే పూర్తిగా కరిగిపోతుంది, ఇంకేం అతుక్కుంటుంది! మీగడ 12-15 డిగ్రీల్లో ఉంటే మంచిది, అంటే జారు ముట్టుకుంటే చల్లగా తగలాలి. ఐసు నీళ్లు కొంచెం పోసి, ఆపి ఆపి తిప్పండి. ముందు నురగలా పొంగి మూతకి తగులుతుంది, బ్లేడు ఉత్తినే తిరుగుతున్నట్టుంటుంది, అక్కడే చాలామంది విసిగిపోయి ఆపేస్తారు. ఇంకొంచెం తిప్పితే ఒక్కసారిగా చప్పుడు మారి లోపల నీళ్లు గలగలమంటాయి, ఆవగింజలంత పూసలు కనపడతాయి. అప్పుడు ఆపేయాలి. చలికాలంలో ఇదే తిరగేసి, మీగడ మరీ బిగుసుకుపోతే కాసిని గోరువెచ్చటి నీళ్లు.

పాలకొల్లు_పిన్ని:
పైన బాబు చెప్పింది నిజమే, కానీ తోడు సంగతి ఎవరూ ఎత్తరేం? ఉత్త మీగడ తిప్పితే వెన్న వస్తుంది సరే, కింద మిగిలేది మజ్జిగ కాదు, చప్పటి పాలనీళ్లు. డబ్బా కరిగిన రాత్రి చెంచాడు పెరుగు వేసి కలిపి బయట ఉంచమ్మా, ఈ ఎండలకి ఐదారు గంటలకే తోడుకుంటుంది, మరీ పులవనివ్వకు. పులుపుకి ఆ పొర తేలిగ్గా చిట్లుతుంది, నెయ్యికి కమ్మటి వాసన కూడా దానివల్లే. తర్వాత ఫ్రిజ్‌లో చల్లబరిచి తెల్లారుజామునే చిలుకు. మా అమ్మ వాళ్లు చీకటితో లేచి కవ్వం పట్టేది కూడా ఎండెక్కితే వెన్న రాదనే. వెన్న తీశాక చల్లటి నీళ్లలో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు. మజ్జిగ మిగిలితే వెన్న త్వరగా కంపు కొడుతుంది, కాచేటప్పుడు అడుగు మాడుతుంది. దించే ముందు నాలుగు మునగాకులు వెయ్యి, మా ఇంట్లో అయితే ఆ ఆకుల కోసం పిల్లలు కొట్టుకుంటారు.

రాజమండ్రి_అద్దెకొంప:
నాకు ప్యాకెట్ పాలే గతి. మీగడ అంటే పైన కాగితమంత పొర. పైగా ఊరి నుంచి తెచ్చిన వెన్న తెల్లగా ఉంటే, కొట్లో కొన్నది పసుపుగా ఉంటుంది. ఏది అసలుది?

లంక_పాడి:
రెండూ అసలువే కావచ్చు. ఆవు మేతలోని పసుపు రంగు కొవ్వులోకి వస్తుంది, గేదె దాన్ని ఎ విటమిన్‌గా మార్చేస్తుంది కాబట్టి వెన్న తెలుపు. కొట్లో వెన్నకి రంగు కలపడం కూడా ఉంది, ప్యాకెట్ వెనక చదవండి. ఇక పాలంటారా, టోన్డ్‌లో వెన్న 3 శాతమే, ఫుల్ క్రీమ్‌లో 6. హోమోజనైజ్డ్ అని రాసి ఉంటే కొవ్వు బొట్లని బాగా చిన్నవి చేసేసి ఉంటారు, మీగడ పైకి తేలదు, ఆశ వదులుకోండి.

కొత్తపేట_కోడలు:
విడిందండీ! మధ్యాహ్నం దాకా ఫ్రిజ్‌లో ఉంచి, ఐసు ముక్కలు వేసి తిప్పితే అదే జారులో పూసలు తేలాయి. పిన్నిగారూ, ఈసారి తోడు వేస్తాను. అత్తగారు మాత్రం పాలవాణ్ణి వదలట్లేదు, లాక్టోమీటర్ కొనమంటున్నారు.

లంక_పాడి:
డబ్బులు దండగ. అది పాల సాంద్రత, అంటే నీళ్లకంటే ఎంత బరువో చూస్తుంది, వెన్న కాదు. మీగడ తీసేస్తే రీడింగు పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది, తెలివైనవాడు రెండూ చేస్తే సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది. మీ ఊళ్లో పాల కేంద్రం ఉంటే పొద్దున్నే చిన్న సీసాలో పట్టుకెళ్లి వెన్న శాతం చూడమనండి. గేదె పాలకి ఆరు దాటితే ఆ చీటీ తెచ్చి అత్తగారి చేతిలో పెట్టండి.