పాత ఇంటి బాత్రూమ్‌లో ఇన్‌స్టంట్ షవర్ హీటర్: ఆర్‌సీసీబీ లేకుండా పెట్టొచ్చా?

హనుమకొండ నుంచి
అమ్మానాన్న ఉండే ఇల్లు 1990ల్లో కట్టింది. ఇప్పటికీ బకెట్‌లో హీటర్ రాడ్ వేసి నీళ్లు కాచుకుంటున్నారు. అది చూస్తేనే నాకు టెన్షన్. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ హీటర్ కొని షవర్‌కు కలపాలనుకుంటున్నాను. హీటర్ ధర 3,500 దాకా ఉంది. ఒక ఎలక్ట్రీషియన్ 500 ఇస్తే ఇప్పుడున్న పాయింట్‌కే కలిపేస్తానన్నాడు. ఇంకొకాయన కొత్త లైను, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్), ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు కోసం నేలలో తవ్వే గుంత) కలిపి 12 వేలు చెప్పాడు. హీటర్ కంటే మూడింతల ఖర్చు నిజంగా అవసరమా? అవసరం లేదని అన్నయ్య గట్టిగా వాదిస్తున్నాడు.

ఖమ్మం నుంచి
మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్. మా వీధిలో అందరి ఇళ్లలో గీజర్లున్నాయి, ఆర్‌సీసీబీ ఒక్కరికీ లేదు. 16 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్) ఉంటే చాలు, ఏదైనా తేడా వస్తే అదే పడిపోతుంది. భయపెట్టి సామాను అమ్ముతున్నారు.

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను
ఖమ్మం మిత్రమా, పడదండీ. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. హీటర్ కాయిల్ దెబ్బతిని కరెంటు బాడీకి తగిలిందనుకోండి. మన ఇళ్లలో ఎర్త్ అంటే పెరట్లో పాతిన పైపే. వేసవిలో నేల ఎండితే దాని రెసిస్టెన్స్ 20 ఓమ్స్ దాటడం మామూలే. 230 వోల్టులను 20తో భాగిస్తే నేలలోకి పోయే కరెంటు 11.5 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీ దానికి కదలదు. హీటర్ బాడీలోనూ నీళ్లలోనూ కరెంటు అలాగే ఉంటుంది. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ అయితే రెప్పపాటులో ఆపేస్తుంది.

హనుమకొండ వారికి ఒక మాట. 500కు చేస్తానన్న ఆయన్ని ఎర్త్ ఎక్కడ కలుపుతావని అడగండి. సాకెట్‌లోనే న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే వైరుకు) ముక్క వైరు వేసి ఎర్త్ అనిపించేవాళ్లు చాలామంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, హీటర్ ఆన్‌లో ఉండగా దాని బాడీ మొత్తం ఫేజే, అంటే ముట్టుకుంటే షాకే. అమ్మానాన్న తడి ఒంటితో ఉండే చోట ఆ పని చేయనివ్వకండి.

ఖమ్మం నుంచి
లెక్క ఒప్పుకుంటాను సార్. కానీ పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ పెడితే రోజూ పడిపోతుంది. విసుగొచ్చి దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చుకుంటారు. అప్పుడు పెట్టిన డబ్బులు వృథాయే కదా?

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను
ఆ ఇబ్బంది నిజమే. పాత వైరింగులో రెండు లైన్ల న్యూట్రల్స్ కలిసిపోయి ఉంటాయి, ఇన్వర్టర్ పెట్టినప్పుడు ఇంకా కలుపుతారు. అందుకే ఇల్లంతటికీ ఒకటి పెట్టకుండా, మెయిన్ బోర్డు నుంచి హీటర్‌కు విడిగా ఫేజు, న్యూట్రల్, ఎర్త్ లాగి, ఆ ఒక్క లైనుకే ఆర్‌సీసీబీ పెట్టించండి. అప్పటికీ పడిందంటే లీకేజీ హీటర్‌లోనో ఆ లైన్‌లోనో ఉన్నట్టే, వెతకాల్సింది అక్కడే. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి.

కొత్త లైను లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే వేయాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెప్పేది అదే. బల్బు, స్విచ్ మార్చుకోవడం వేరు. కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడ్) కూడా చూడండి. అక్కడ 1 కిలోవాట్ అని ఉంటే 3 కిలోవాట్ల హీటర్ పెట్టేముందు లోడ్ పెంచుకోవాలి.

గుంటూరు నుంచి
సేఫ్టీ మాట అలా ఉంచండి, అసలు ఆ 3 కిలోవాట్లతో షవర్ స్నానం అవుతుందా? చలికాలం తెల్లవారుజామున ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలుంటే, వాటిని 40కి తేవాలంటే నిమిషానికి రెండు లీటర్లే వస్తాయి. సన్నటి ధార. ధార పెంచితే చన్నీళ్లు. పెద్దవాళ్లు చలిలో వణుకుతూ నిలబడాలి. 15 లీటర్ల బకెట్ నిండటానికి ఏడు నిమిషాలు, ఖర్చు అర యూనిట్ కూడా కాదు. బకెట్ స్నానానికైతే చాలా బాగుంటుంది. షవరే కావాలంటే 25 లీటర్ల స్టోరేజ్ గీజర్ తీసుకోండి. అది 2 కిలోవాట్లే, అరగంట ముందు వేసి, స్నానానికి వెళ్లేముందు ఆపేయొచ్చు. బోరు నీళ్లయితే కాయిల్‌కు తెల్లటి గార పట్టి త్వరగా పాడవుతుంది, ఏటా సర్వీసింగ్ తప్పదు.

హనుమకొండ నుంచి
మాది బోరు నీళ్లేనండి. షవర్ ఆలోచన మానేస్తాను, నాన్నగారికి బకెట్టే అలవాటు. 12 వేలూ ఈ నెలలోనే సర్దలేను. ముందు ఏది చేయించాలి?

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను
విడి లైను, ఆర్‌సీసీబీ ముందు. 4 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు, స్విచ్ బాత్రూమ్ బయట. ఎర్త్ లేకపోయినా మనిషికి షాక్ తగిలిన వెంటనే ఆర్‌సీసీబీ పడుతుంది. ఎర్త్ ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది. అందుకే పిట్ తవ్వించాకే హీటర్ బిగించండి, రెండు నెలలు ఆలస్యమైనా సరే. అప్పటిదాకా నీళ్లు గ్యాస్ పొయ్యి మీదే కాచుకోమనండి, ఆ రాడ్ మాత్రం ఇవాళే తీసేయండి.

ఖమ్మం నుంచి
సార్, ఆ ఎర్త్ రెసిస్టెన్స్ కొలిపించాలంటే ఎవరిని పిలవాలి? మా ఇంటిది కూడా చూపిస్తాను.