ఉగాది – పిల్లల డంజన్స్ అండ్ డ్రాగన్స్: శనివారానికి మిగిలిన పనులు

యువజన విభాగం:
అందరికీ నమస్కారం. ఉగాది వేడుకలో పిల్లల డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి (తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) పేర్లు ఇచ్చే గడువు నిన్నటితో అయిపోయింది. మొత్తం 23 మంది పిల్లలు, పదేళ్ల వాళ్ల నుంచి పదహారేళ్ల వాళ్ల దాకా. స్కూల్లో నాలుగు క్లాస్‌రూములు, గదికొక డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాళ్లు), మధ్యాహ్నం 2 నుంచి 5. ఇంకా మిగిలినవి: పాత్రల షీట్లు ప్రింట్ తీయడం, డైస్ సెట్లు, గదుల బయట బోర్డులు, ఆడిన అందరికీ సర్టిఫికెట్లు, తల్లిదండ్రుల సంతకాల ఫారాలు. ఎవరు ఏది తీసుకుంటారో రాత్రికల్లా చెప్పండి.

డీఎం, మ్యాడిసన్:
షీట్లు నేను తెస్తా అక్కా. ఈ ఆట 5.1 నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్‌లో (ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే లైసెన్సు) ఉన్నాయి. ఎక్కడివో కింద ఒక లైను రాస్తే చాలు, ఎన్ని కాపీలైనా పంచుకోవచ్చు. అందరూ ఫస్ట్ లెవెలే. విజర్డులకి మంత్రాలు కూడా నేనే ఎంచిపెడతా. అక్కడ వదిలేస్తే అరగంట దానికే పోతుంది.

హాలు బుకింగ్:
ఒక్క నిమిషం ఆగండి. స్కూల్ నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. క్లాస్‌రూములు ఇవ్వరట. శనివారం జిమ్, కెఫెటీరియా మాత్రమే తెరుస్తారట, అటువైపు వింగ్‌కి తాళం వేసే ఉంటుందట. ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను, లాభం లేకపోయింది. జిమ్‌లో పొద్దున్నుంచీ డ్యాన్సుల రిహార్సల్, మైకు టెస్టింగ్.

కోశాధికారి:
బయట గదులు అద్దెకి తీసుకునే డబ్బు లేదు. సౌండ్‌కి ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాదు. ఈసారికి ఆపి, ఎండాకాలం పిక్నిక్‌లో పెట్టుకుందాం.

యువజన విభాగం:
ఎందుకండీ ఆపడం? డ్యాన్సులకి ఇబ్బందొస్తే స్టేజీ మార్చుకుంటాం, టైము మార్చుకుంటాం. పిల్లలు తమంతట తాము వచ్చి అడిగినది ఇదొక్కటే. మిగతావన్నీ మనం చెప్తే చేస్తున్నారు. వీళ్లలో సగంమంది రెండేళ్లుగా మన ఫంక్షన్లకే రావడం మానేశారు. ఇప్పుడు ఆపేస్తే మళ్లీ వాళ్లని ఏ ముఖంతో పిలవాలి?

కోశాధికారి:
ఇష్టం లేక అన్నానా? మా పాప కూడా పేరిచ్చింది. లెక్క నా చేతిలో ఉంది కాబట్టి లేదని నేనే చెప్పాల్సి వస్తోంది. ప్రతిసారీ నన్నే విలన్‌ని చెయ్యకండి.

వంటల బృందం:
మీరిద్దరూ కాస్త శాంతించండి. మధ్యాహ్నం భోజనాలు ఒకటిన్నరకి అయిపోతాయి. సాయంత్రం పులిహోర, బొబ్బట్లు అయిదున్నర దాకా బయటికి తియ్యం. కెఫెటీరియాలో కిటికీల వైపు టేబుళ్లు మీకే. వేడి ట్రేలు పెట్టే వైపు మాత్రం ఒక్క పిల్లాడు కూడా రాకూడదు.

డీఎం, మ్యాడిసన్:
థాంక్యూ వదినా. కానీ ఒకే హాల్లో నాలుగు ఆటలంటే పక్క టేబుల్ అరుపులకి మన మాట మనకే వినపడదు. పక్కన జిమ్ మైకు ఒకటి.

కెనోషా నుంచి:
అలాంటప్పుడు అందర్నీ ఒకే ఆటలో కూర్చోబెట్టొచ్చుగా? లేక్ జెనీవా ఊరు మన విస్కాన్సిన్‌లోనే, పక్కనే. 1974లో ఈ ఆట అక్కడే అచ్చయింది. ఆ మొదటి పుస్తకంలో నాలుగు నుంచి యాభై మంది దాకా ఆడొచ్చనీ, రిఫరీకి, అంటే డీఎంకి, సుమారు ఇరవై మంది అనీ రాసుంది. మనకి 23 మందే కదా.

డీఎం, మ్యాడిసన్:
అన్నా, అది మొత్తం క్యాంపెయిన్‌లో (చాలా రోజులు సాగే కథలో) ఉండే మందిని బట్టి చెప్పిన మాట. అందరూ ఒకేరోజు ఒకే టేబుల్ చుట్టూ కూర్చుంటారని కాదు. లెక్క చూడండి: ఫైట్‌లో ఒక్కో పిల్లకి రెండు నిమిషాలనుకున్నా 23 మందికి 46 నిమిషాలు. రాక్షసుల వంతు ఇంకా కలపలేదు. ఒకసారి డైస్ వేసిన పిల్ల మళ్లీ వేసేసరికి గంట. నోరున్న నలుగురే ఆడతారు, మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. పదేళ్ల పిల్లయితే మూడు గంటలూ చూస్తూ కూర్చుని ఇంటికెళ్తుంది, ఇక జన్మలో ఈ ఆట జోలికి రాదు. దీనికి నేను ఒప్పుకోను.

కెనోషా నుంచి:
సరే, కోపం వద్దు. ఆ రోజుల్లో గుంపు పెద్దదైతే కాలర్ అని ఒకర్ని పెట్టుకునేవాళ్లు. అందరూ మాట్లాడుకున్నాక రిఫరీకి అతనొక్కడే చెప్పేవాడు. ఆ పద్ధతన్నా వాడుకోండి.

డీఎం, బ్రూక్‌ఫీల్డ్:
ఇది బాగుంది. నాలుగు టేబుళ్లు, కథ మాత్రం ఒకటే పెడదాం. ఓరుగల్లు కోట ముట్టడి. రుద్రమదేవి కాలం, దేవగిరి మహాదేవుడి సైన్యం చుట్టుముట్టింది. టేబుల్‌కో కీర్తి తోరణం, దాన్ని కాపాడాలి. పక్క టేబుల్‌లో అరిస్తే అది కోటలో గోల, ఇక ఇబ్బందేముంది?

కెనోషా నుంచి:
తోరణాలు కోట ద్వారాలు కావు బాబూ. అవి లోపల స్వయంభూ శివాలయం చుట్టూ ఉండేవి. రాతి గోడకి నాలుగు దిక్కులా వేరే ద్వారాలున్నాయి. ఆ గోడ చుట్టూ కందకం, దాని బయట మట్టికోట. పిల్లలకి చెప్పేటప్పుడు సరిగ్గా చెప్పాలి.

డీఎం, బ్రూక్‌ఫీల్డ్:
అయితే నాలుగు ద్వారాలు. మట్టికోట అప్పటికే పడిపోయిందని మొదలుపెడదాం. మధ్యలో ఇంకో చిన్న టేబుల్, అదే కోట కొట్టు: బాణాలు, నూనె, ధాన్యం, అన్నిటికీ చీటీలు. ఇరవై నిమిషాలకోసారి గంట కొడతాం. కాలర్ లేచొచ్చి కావలసింది తీసుకుంటాడు, లేదా పక్క ద్వారానికి ఇస్తాడు. తూర్పు వాళ్లు ఎక్కువ పట్టుకెళ్తే పడమర వాళ్లకి బాణాలుండవు. గంట కొట్టిన ప్రతిసారీ కాలర్ మారాలి, అప్పుడే చిన్నవాళ్లకి కూడా మాట్లాడే వంతొస్తుంది.

డీఎం, మ్యాడిసన్:
ఫైట్‌లో ఒక్కొక్కరికీ ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే రోల్) వద్దు. టేబుల్‌కి ఒక డీ20 (ఇరవై ముఖాల డైస్), శత్రువులకి ఒకటి, ఎవరిది ఎక్కువైతే ఆ పక్షం మొత్తం ముందు. శత్రువుల దెబ్బలకి సగటు అంకె షీట్ మీదే ఉంటుంది, అది వేసేయండి, రోల్ చెయ్యొద్దు. గోడ ఎక్కడం, చాటుగా వెళ్లడం లాంటివి గ్రూప్ చెక్: సగంమంది నెగ్గితే అందరూ నెగ్గినట్టే. ఇంకొకటి, నాకిది ముఖ్యం. ఏం చేస్తారో ప్రతి పిల్లా ఒక నిమిషంలో కార్డు మీద రాసి బోర్లించాలి. తర్వాత అన్నీ ఒకేసారి తిప్పి చదువుతాం. మాట్లాడని పిల్ల కార్డు కూడా అందరి కార్డులతో పాటు బల్ల మీద ఉంటుంది. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా, బొమ్మ గీసినా సరే.

యువజన విభాగం:
టేబుల్‌కి ఆరుగురు, ఒకదానికి అయిదుగురు. డీఎంలు నలుగురూ సరిపోయారు. మరి కొట్టు దగ్గర ఎవరుంటారు? అక్కడ గట్టిగా లేదని చెప్పగలిగేవాళ్లు కావాలి.

కోశాధికారి:
నేనుంటా. ఆట రాదు, చీటీలు లెక్కపెట్టడం వచ్చు. ఇందాక గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకమ్మా.

యువజన విభాగం:
అయ్యో, నేనూ అన్నాను కదండీ. మీరుంటే నాకు ధైర్యం.

హాలు బుకింగ్:
కెఫెటీరియా టేబుళ్లు మడిచేవి, చక్రాలున్నాయి. 1:40కి నలుగురొస్తే జరిపేద్దాం. జిమ్ తలుపులు మూసి ఉంచమని డ్యాన్సు మాస్టారికి చెప్పాను, 3 నుంచి 4 దాకా మైకు ఆపుతామన్నారు.

వంటల బృందం:
చీటీలు ఎందుకు? కందిపప్పు, శనగపప్పు, రాజ్మా చిన్న గిన్నెల్లో ఇస్తాను. ధాన్యానికి ఒకటి, బాణాలకొకటి, నూనెకొకటి. కాగితాలైతే ఫ్యాన్ గాలికి ఎగిరిపోతాయి.

డీఎం, బ్రూక్‌ఫీల్డ్:
సూపర్ వదినా. రేపు రాత్రి 9కి డీఎంలు నలుగురూ వీడియో కాల్‌లోకి రండి, ఒక ముట్టడి మనమే ఆడి చూద్దాం. గంట కొట్టాక కాలర్ తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో తేలాలి. అది తేలితే ఎన్ని దాడులు పెట్టాలో తెలుస్తుంది.

కెనోషా నుంచి:
మా ఇంటి పూజ గంట తెస్తాను, హాలంతా వినపడుతుంది. మా ఇద్దరు మనవళ్లనీ మాత్రం వేరువేరు ద్వారాల దగ్గర పెట్టండి. ఒకే టేబుల్ అయితే చిన్నవాడి కార్డు కూడా పెద్దవాడే రాసేస్తాడు.